ఇంటి దగ్గర గ్యాస్ కొలిమి: అమెరికా ప్లాన్‌లో ఇక్కడ ఏమేం మార్చుకోవాలి

మీరు రాసినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. హైదరాబాద్ శివార్లలో సొంత ఇల్లు, వెనక మూడువైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు. అమెరికా వాళ్ళ వీడియోలు చూసి ప్రొపేన్ కొలిమి కట్టాలనుకుంటున్నారు. పాత గ్యాస్ సిలిండర్ని కోసి డొక్క చేస్తారు. లోపల ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో ఇసుక కలిపి పూస్తారు. బర్నర్‌కి జీఐ పైపు, గ్యాస్‌కి వంటింటి సిలిండర్, దాగలికి, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మకు, రైలు పట్టా ముక్క. మొదటి పని లారీ కమాన్ పట్టీతో కత్తి. బొగ్గు కొలిమి అయితే మేలా అని చివర్లో ఒక అనుమానం.

ఇందులో షెడ్డు బ్రహ్మాండంగా ఉంది. మిగతావన్నీ మార్చాలి.

కంగారు పడకండి. ఆ వీడియోలు తప్పని కాదు. అక్కడి గ్యాస్, అక్కడి దుకాణాలు, అక్కడి చట్టం చూసుకుని చేసినవి. ఇక్కడ దొరికేవి వేరు కాబట్టి కొలతలూ మారతాయి, జాగ్రత్తలూ మారతాయి.

గ్యాస్ దగ్గర మొదలుపెడదాం. ప్రాణం మీదికి వచ్చేదీ, పోలీసులు ఇంటికి వచ్చేదీ అక్కడే. వంటింటి 14.2 కేజీల సిలిండర్ ఇంట్లో వంటకు మాత్రమే ఇస్తారు. ఎల్పీజీ సరఫరా మీద కేంద్రం 2000లో తెచ్చిన ఉత్తర్వు ప్రకారం దాన్ని ఇంకో పనికి వాడకూడదు. కొలిమికి 19 కేజీల కమర్షియల్ సిలిండరే తీసుకోండి. ఏజెన్సీలో పని ఏమిటో దాచకుండా చెప్పండి.

ఐదు కేజీల చిన్న సిలిండర్ చాలదా అంటారేమో. చాలదు. సిలిండర్ లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది. ఆవిరయ్యేటప్పుడు కావలసిన వేడిని ఆ ద్రవం నుంచీ, సిలిండర్ గోడ నుంచీ లాక్కుంటుంది. ఒక బర్నర్ ఉన్న కొలిమి గంటకు అటూ ఇటూగా కేజీ గ్యాస్ తాగుతుంది. అంత వేగంగా బయటి గాలిలోంచి వేడి తీసుకునే ఒళ్ళు చిన్న సిలిండర్‌కి లేదు. కాసేపటికి దాని ఒంటికి చెమట పడుతుంది, ఆ తర్వాత మంచు పేరుకుంటుంది, ప్రెషర్ పడిపోతుంది, కడ్డీ ఎరుపు దాటి వేడెక్కడం మానేస్తుంది. అప్పుడు కొందరు సిలిండర్‌ని పడుకోబెడతారు. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. రెగ్యులేటర్ ద్రవం కోసం చేసింది కాదు. కొలిమి నోట్లోంచి మంట ఎంత దూరం వస్తుందో చెప్పలేం.

ఇక గ్యాస్‌లోని తేడా. అమెరికాలో వాళ్ళు వాడే సిలిండర్లో దాదాపు అంతా ప్రొపేనే. మన ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది, బ్యూటేన్ పాలు బాగానే ఉంటుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బ్యూటేన్ ఇంచుమించు సున్నా దగ్గర. అందుకని సిలిండర్ కొత్తగా ఉన్నప్పుడు ప్రొపేన్ ఎక్కువగా లేచిపోయి, అడుక్కి వచ్చేసరికి బ్యూటేన్ మిగులుతుంది, ప్రెషర్ కొంచెం తగ్గుతుంది. మన ఎండలకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. అసలు ఇబ్బంది గాలి దగ్గర వస్తుంది. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా కాలాలంటే సుమారు 24 పాళ్ళ గాలి కావాలి, బ్యూటేన్‌కైతే 31. వాళ్ళ కొలతలతో చేసిన బర్నర్‌కి మన గ్యాస్ ఇస్తే గాలి చాలదు. కొలిమి లోపల వేడి తక్కువ, నోటి బయట పసుపు మంట ఎక్కువ. "వీడియోలో తెల్లగా కాలింది, నాకెందుకు రాలేదు" అని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే.

రెగ్యులేటర్ కూడా అంతే. వంటింటి రెగ్యులేటర్ ఇచ్చేది 30 మిల్లీబార్ ప్రాంతం. పొయ్యికి అది సరిపోతుంది. గాలిని తనంతట తానే లాక్కునే వెంచూరి బర్నర్‌కి 0.3 నుంచి 0.7 బార్ కావాలి, అంటే పది రెట్లు, ఆపైన. హోటల్ పొయ్యిలకు అమ్మే హై ప్రెషర్ రెగ్యులేటర్లలో తిప్పి పెంచుకునే రకం, గేజీ ఉన్నది తీసుకోండి. షాపులో 'అర కేజీ ప్రెషర్' అంటే అర బార్ అనుకోవచ్చు. గేజీ లేని రెగ్యులేటర్‌తో బర్నర్‌ని సరిచేయడం చీకట్లో సూది వెతకడమే. గొట్టం ఐఎస్ఐ మార్కు ఉన్న హై ప్రెషర్ ఎల్పీజీ గొట్టమే ఉండాలి. తోటకు నీళ్ళు పట్టే గొట్టం, క్లిప్పు, టేపు లాంటి సర్దుబాట్లు వద్దు. సిలిండర్ కొలిమికి కనీసం మూడు మీటర్ల దూరంలో నిలబెట్టండి. ఎర్రటి కడ్డీ జారిపడితే గొట్టం మీద పడే దారి ఉండకూడదు. బర్నర్ దగ్గర చేతికి అందేలా పావు చుట్టు తిప్పితే మూసుకునే క్వార్టర్ టర్న్ బాల్ వాల్వ్ ఒకటి పెట్టండి. జాయింట్లన్నీ బిగించాక సబ్బు నురగ రాసి చూడటం మొదటిరోజు మాత్రమే కాదు, సిలిండర్ మార్చిన ప్రతిసారీ.

ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకి గుంటలో కూర్చుంటుంది. షెడ్డు తెరిచి ఉందని ధీమాగా ఉండకుండా పక్కన సంపు మూత, డ్రైనేజీ చాంబర్, బోరు గుంత ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే కొలిమి, సిలిండర్ రెండూ వాటికి దూరంగా జరపండి.

పాత సిలిండర్ని కోయడం గురించి రెండే మాటలు. మన సిలిండర్ మనది కాదు, ఆయిల్ కంపెనీది, మనం కట్టింది డిపాజిట్ మాత్రమే. అదీగాక ఖాళీ అనుకున్న సిలిండర్లో మిగిలిన ఆవిరి గ్రైండర్ నిప్పురవ్వకు పేలిన ఘటనలు కొత్తవేం కావు. స్క్రాప్ కొట్లో 10 అంగుళాల, అంటే 250 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు మెత్తటి ఉక్కు) పైపు ఒక అడుగు ముక్క దొరుకుతుంది. లేదంటే 3 ఎంఎం రేకును గుండ్రంగా వంచి వెల్డింగ్ చేయించండి. కాళ్ళు నాలుగు, పైన బర్నర్‌కి ఒక రంధ్రం. డొక్క అందం మీద ఎక్కువ డబ్బు పెట్టకండి, వేడిని ఆపేది లోపలి పూత.

ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, ఇసుక కలిపిన పూత అల్యూమినియం కరిగించుకునేవాళ్ళకు కొన్నాళ్ళు పనిచేస్తుంది. ఇనుము కాల్చే వేడికి బీటలిచ్చి రాలిపోతుంది. వేడినీ సరిగా ఆపదు, గ్యాస్ ఖర్చు పెరుగుతుంది. మామూలు సిమెంటు ఇంకా ప్రమాదం. లోపల చిక్కుకున్న తేమ ఆవిరై పెచ్చులు ఎగిరి కళ్ళలో పడతాయి. వాడవలసింది సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్. 25 ఎంఎం మందం, ఘనపు మీటరుకు 128 కేజీల సాంద్రత, 1260 డిగ్రీల గ్రేడు అని అడిగితే ఇండస్ట్రియల్ ఇన్సులేషన్ అమ్మేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. 1425 డిగ్రీల గ్రేడు దొరికితే లోపలి పొరకు అది వేయండి. రెండు పొరలు వేస్తే చుట్టూ 50 ఎంఎం పోయి లోపల 150 ఎంఎం మిగులుతుంది. దాని మీద క్యాస్టబుల్ (వేడిని తట్టుకునే సిమెంటు లాంటిది) పూత 10 ఎంఎం పోతే 130. వెనక గోడ పోగా లోతు 250 ఎంఎం. ఇది మూడు లీటర్ల పైచిలుకు ఖాళీ. ముప్పావు అంగుళం బర్నర్ ఒకటి ఐదున్నర లీటర్ల దాకా వేడి చేయగలదు కాబట్టి మీకు హాయిగా సరిపోతుంది. రెండు బర్నర్ల కొలిమి మొదట్లోనే కట్టొద్దు. పొడవాటి కొలిమిలో గ్యాస్ సగం ఊరికే కాలుతుంది. సుత్తి దెబ్బ పడేది ఎప్పుడూ ఆరు అంగుళాల ఇనుము మీదే.

బ్లాంకెట్ కోసేటప్పుడు ఎన్95కి తక్కువ కాని మాస్కు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాగా కాలిన బ్లాంకెట్ ఇంకా చెడ్డది. వెయ్యి డిగ్రీలు దాటి పదేపదే కాలితే అందులో క్రిస్టోబలైట్ అనే సిలికా రూపం తయారవుతుంది. అందుకే బ్లాంకెట్‌ని బట్టబయలుగా ఎప్పుడూ వదలకూడదు. ముందు కొలాయిడల్ సిలికా (సన్నటి సిలికా కలిసిన ద్రవం) చిలకరించి గట్టిపరచండి, దాని మీద హై అల్యూమినా క్యాస్టబుల్ పూయండి. వీడియోల్లో చాలామంది ఈ మెట్టు ఎగరగొడతారు, మీరు ఎగరగొట్టొద్దు. కింద ఒక ఫైర్ బ్రిక్ పలక పరవండి. ముందు ముందు ఇనుము ముక్కలు అతికించడానికి బోరాక్స్ పొడి వాడితే అది బ్లాంకెట్‌ని తినేస్తుంది, ఇటుక కొన్నాళ్ళు తట్టుకుంటుంది, పోయినా మార్చడం తేలిక. క్యాస్టబుల్ పూశాక తడిగుడ్డ కప్పి ఒక రోజు ఉంచండి. తర్వాత లోపల బల్బు వేలాడదీసి నిదానంగా ఆరబెట్టండి. మొదటి మంటలు చిన్నవి, మధ్యలో చల్లారనిస్తూ. ఇక్కడ తొందరపడితే పూత పెచ్చులు లేస్తుంది.

బర్నర్‌లో రెండు దారులు ఉన్నాయి. బ్లోయర్ పెడితే ఏ గ్యాసైనా, ఎంత తక్కువ ప్రెషరైనా నడుస్తుంది, గాలి మన చేతుల్లో ఉంటుంది. కానీ కరెంటు పోతే గాలి ఆగి గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. కరెంటుతో పాటే మూసుకునే సొలినాయిడ్ వాల్వ్ పెట్టకుండా బ్లోయర్ బర్నర్ నడపొద్దు. మొదటి కొలిమికి నా ఓటు వెంచూరికే. కుదుర్చుకోవడానికి కొంచెం ఓపిక కావాలి, ఒకసారి కుదిరాక కరెంటుతో పని లేదు.

తేలికైన వెంచూరి 'టీ' బర్నర్. అటూ ఇటూ ఒక అంగుళం, మధ్య కొమ్మ ముప్పావు అంగుళం ఉన్న రెడ్యూసింగ్ టీ తీసుకోండి. ముప్పావు కొమ్మకు ఎనిమిది అంగుళాల పొడవు పైపు బిగించాలి. గ్యాస్, గాలి కలిసేది ఇందులోనే. లోపలి వ్యాసానికి ఎనిమిది, తొమ్మిది రెట్లు పొడవు ఉండాలి. అంతకంటే పొట్టిగా ఉంటే సరిగా కలవవు. ఆ కొమ్మకు సరిగ్గా ఎదురుగా టీ వీపు మీద రంధ్రం చేసి, మర తొలిచి, ఇత్తడి ఫిట్టింగ్‌తో మిగ్ వెల్డింగ్ టిప్పును (వెల్డింగ్ వైరు బయటికి వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్కును) బిగించాలి. గ్యాస్ ఆ టిప్పులోంచి పైపు మధ్యలోకి దూసుకుపోతూ రెండు పక్కల నోళ్ళలోంచి గాలిని లాక్కుపోతుంది. ఈ రంధ్రాన్ని చేతి డ్రిల్లుతో చేయొద్దు, లేత్ మీద చేయించండి. టిప్పు కొంచెం వంకరపోయినా గ్యాస్ పైపు గోడకు కొట్టుకుని గాలిని లాగదు, ఆ తర్వాత ఎంత తంటాలు పడినా మంట కుదరదు. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఏ లేత్ షాపులో అడిగినా కాసేపట్లో అయ్యే పని.

వీడియోలో 0.035 అంగుళాల టిప్పు అంటారు, అది 0.9 ఎంఎం వైరుది. మన గ్యాస్‌కి గాలి ఎక్కువ కావాలని అనుకున్నాం కదా, 0.8 ఎంఎం వైరు టిప్పుతో మొదలుపెట్టండి. టిప్పు మీద రాసింది వైరు సైజు, రంధ్రం అంతకంటే కాస్త పెద్దదే ఉంటుంది. మొదట టిప్పును కోయకుండా పొడవుగానే బిగించి వెలిగించండి. గాలి చాలకపోతే తీసి కొంచెం అరగదీయండి. టిప్పు వెనక్కి జరిగేకొద్దీ గాలి ఎక్కువ లాగుతుంది. కొంచెం కొంచెంగానే అరగదీయండి, ఎక్కువైతే కొత్త టిప్పు కొనుక్కోవాలి. టిప్పులు చవకే, నాలుగైదు తెచ్చుకోండి.

జీఐ పైపు సంగతి. దాని మీది జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంతకు ముందే పొగ మొదలవుతుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం, ఒళ్ళు నొప్పులు. వెల్డింగ్ పని చేసేవాళ్ళను అడగండి, చెబుతారు. టీ జీఐ అయినా ఫర్వాలేదు, లోపలికి పోయే గాలి దాన్ని చల్లగానే ఉంచుతుంది. కొలిమిలోకి దిగే పైపు మాత్రం నల్ల ఎంఎస్ పైపే కావాలి. జింకు పూసిన బోల్టులు, నట్లు, గొలుసులు కొలిమిలో పెట్టి కాల్చొద్దు. ఇంకొకటి. బయటి నుంచి బర్నర్లు, ఫిట్టింగులు తెప్పిస్తే వాటి మర అమెరికా ఎన్‌పీటీ, మన దుకాణాల్లోది బీఎస్‌పీ. చూడటానికి ఒకలాగే ఉంటాయి, రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. బలవంతంగా బిగిస్తే లీకు ఖాయం.

వెలిగించే వరుస మారకూడదు. ముందు కొలిమి లోపల మండుతున్న కాగితమో టార్చో పెట్టి, నోటికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, ఆ తర్వాత గ్యాస్ తిప్పాలి. గ్యాస్ ముందు వదిలి అగ్గిపుల్ల కోసం జేబులు తడుముకుంటే ఢామ్మంటుంది. మంట అంటుకోకపోతే గ్యాస్ కట్టేసి కాసేపు ఆగి మళ్ళీ మొదటి నుంచి చేయండి. ఆపేటప్పుడు సిలిండర్ దగ్గర ముందు మూసి గొట్టంలోది కాలిపోనివ్వండి, ఆ తర్వాత బాల్ వాల్వ్. ఆపాక వేడి గాలి బర్నర్ పైపులోంచి పైకి లేస్తూ టీనీ గొట్టాన్నీ కాలుస్తుంది. బర్నర్‌ని బయటికి తీసేయండి, లేదా రెండు గాలి నోళ్ళూ మూయండి. ఈ ఒక్క సంగతి చెప్పేవాళ్ళు తక్కువ.

మంట సరిగ్గా ఉందో లేదో కడ్డీ చెబుతుంది. గాలి ఎక్కువైతే కడ్డీ మీద నల్లటి పొలుసు మందంగా లేచి కొట్టిన ప్రతి దెబ్బకూ రాలుతుంది. గ్యాస్ ఎక్కువైతే నోటి బయట పెద్ద మంట, లోపల వేడి తక్కువ. నోటి దగ్గర చిన్న మంట నాలుక ఆడుతూ, లోపలి గోడలు నారింజ రంగు తిరిగి, పొలుసు పలుచగా ఉంటే కుదిరినట్టే. పైపులో ఠప్ ఠప్‌మని చప్పుడు వస్తుంటే మంట వెనక్కి వస్తోందని అర్థం. ప్రెషర్ మరీ తక్కువైనా, బర్నర్ మరీ వేడెక్కినా అలాగే అవుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, నోటి బయట మంట కనిపించినంతసేపూ కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తున్నట్టే. దానికి వాసన లేదు. వానొచ్చిందని షెడ్డు చుట్టూ టార్పాలిన్ కట్టి పని చేయొద్దు. తలనొప్పి మొదలైతే వెంటనే ఆపి బయటికి రండి. పక్కన డీసీపీ (పొడి చల్లే) రకం మంటలార్పే సిలిండర్ ఒకటి, ఒక బకెట్ నీళ్ళు, ఒంటి మీద నూలు బట్టలు. పాలియెస్టర్ చొక్కా నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

దాగలికి వద్దాం. రైలు పట్టా మంచి ఉక్కే, కాదనను. కానీ 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం ఒకటుంది. దొంగిలించిన రైల్వే సామానేమో అని అనుమానం వస్తే, నేను న్యాయంగానే కొన్నానని నిరూపించుకోవాల్సింది మన దగ్గర ఆ సామాను ఉన్న పాపానికి మనమే. రైల్వే తుక్కును వేలంలో అమ్ముతుంది కాబట్టి బిల్లుతో దొరికే ముక్కలూ ఉన్నాయి. బిల్లు ఇస్తానంటే తీసుకోండి, తెచ్చాక పడుకోబెట్టకుండా నిలువుగా పాతండి. నిలబెట్టిన పట్టాలో దెబ్బ కింద ముక్క పొడవంతా ఉక్కు ఉంటుంది, పడుకోబెడితే నడుము సన్నంగా ఉండి దెబ్బకు ఎగురుతుంది. బిల్లు లేకపోతే వదిలేసి 150 ఎంఎం రౌండు ముక్క, అడుగు పొడవుది అడగండి. 40 కేజీల పైనే తూగుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట స్క్రాప్ కొట్లలో ఇలాంటివి పడి ఉంటాయి. పోత ఇనుము మాత్రం వద్దు, అంచులు పెళపెళా ఊడతాయి. తుమ్మ మొద్దో చింత మొద్దో గుంటలో దింపి దాని మీద బిగించండి. చెయ్యి వేలాడేసి పిడికిలి బిగిస్తే వేళ్ళ కణుపులు దాగలి పైభాగానికి తగలాలి. ఎత్తు అంతే ఉండాలి, ఎక్కువైతే భుజం, తక్కువైతే నడుము పోతుంది.

సుత్తి కేజీ లోపుది. కొత్త సుత్తి ముఖం అంచులు పదునుగా ఉంటాయి, గ్రైండర్ మీద గుండ్రంగా మార్చుకోకపోతే ప్రతి దెబ్బకూ ఇనుము మీద నెలవంక గాటు పడుతుంది. సుత్తి పట్టిన చేతికి గ్లవ్ వద్దు, పట్టు జారుతుంది. పట్టకార్లు ఇప్పుడే కొనకండి. రెండడుగుల కడ్డీ తీసుకుంటే అటు చివర చల్లగానే ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు. మీ మొదటి పట్టకారు మీరే చేసుకుంటారు.

ఇక పని. కత్తి ఇప్పుడే వద్దు. 12 ఎంఎం ఎంఎస్ చదరపు కడ్డీ తెచ్చుకుని మొన తీయడంతో మొదలుపెట్టండి. చూడటానికి చిన్నపనే, ఇందులోనే సగం కమ్మరం ఉంది. కడ్డీ చివర రెండు అంగుళాలు పసుపు రంగు వచ్చేదాకా కాల్చండి, అంటే 1100 డిగ్రీలు, ఆపైన. తీసి దాగలి అవతలి అంచు మీద కొంచెం వాలుగా పెట్టండి, సుత్తి కూడా అదే వాలులో పడాలి. ఒక దెబ్బ, చేతిలో కడ్డీ పావు చుట్టు తిప్పడం, మళ్ళీ దెబ్బ. ఇలా నాలుగు పలకలుగానే సాగగొట్టాలి. కొత్తవాళ్ళు గుండ్రటి మొన కావాలని కడ్డీని తిప్పుతూ మొదటి నుంచీ గుండ్రంగా కొడతారు. అలా కొడితే పైపొర సాగుతుంది, లోపలిది ఉన్నచోటే ఉంటుంది, మొన చివర చేప నోరులా గుంట పడి చీలుతుంది. ముందు నాలుగు పలకలు, మొన సరిగ్గా వచ్చాక మూలలు కొట్టి ఎనిమిది పలకలు, ఆ తర్వాతే గుండ్రం. పలక డైమండ్‌లా ఒరిగిపోతుంటే ఎత్తైన మూలలు రెండూ కొట్టి అప్పటికప్పుడు సరిచేయాలి, వదిలేస్తే ఇంకా ఒరుగుతుంది. రంగు ముదురు ఎరుపుకు దిగగానే ఆపి మళ్ళీ కొలిమిలో పెట్టండి. చల్లబడ్డ ఇనుమును కొడితే చెయ్యి నొప్పి తప్ప ఇనుము కదలదు. మొన కుదిరాక దాన్ని వంచితే హుక్కు. ఎస్ హుక్కులు, మేకులు, ఆకు ఆకారాలు, సీసా మూత తీసే ఓపెనర్. ఒక సంచి నిండా హుక్కులు చేశాక దెబ్బ అనుకున్న చోట పడుతుంది.

ఒంటికి కాలేది ఎక్కువగా ఎర్రటి ఇనుముతో కాదు, నల్లబడిన ఇనుముతో. 400 డిగ్రీల వేడిలో ఉన్న కడ్డీ చూడటానికి మామూలు కడ్డీలాగే ఉంటుంది. నేల మీద పడి ఉన్నది ఏదైనా అరచెయ్యి వెనకవైపు దగ్గర పెట్టి చూశాకే ఎత్తండి. పిల్లలు తిరిగే ఇల్లయితే వేడి ముక్కలు పెట్టడానికి విడిగా ఒక ఇనుప తొట్టి ఉంచండి.

కత్తి చేసే రోజు వచ్చినప్పుడు కమాన్ పట్టీ మంచి ఎంపికే, కాల్చి నీళ్ళలో కంటే నూనెలో ముంచి గట్టిపరచాల్సిన (దీన్నే పదును పట్టడం అంటారు) స్ప్రింగ్ ఉక్కు అది. కానీ పాత పట్టీల్లో కంటికి కనిపించని పగుళ్ళు ఉంటాయి. అంత శ్రమా పదును పట్టే రోజున టంగుమని పోతుంది. కమాన్ కట్టలు చేసే షాపులో కొత్త పట్టీ తుంపులు అడగండి. టీఎంటీ కడ్డీతో కత్తి వద్దు, పదును నిలవదు. ఉక్కును ఎంఎస్ లాగా పసుపు, తెలుపు దాకా కాల్చకూడదు, నారింజ దాటనివ్వొద్దు. పదును పట్టేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటదు. ఆ తర్వాత ఇంకొంచెం వేడెక్కనిచ్చి, గోరువెచ్చగా చేసిన వంటనూనెలో మొన ముందుగా నిలువుగా దించండి. మెకానిక్ షాపు పాత ఇంజనాయిల్ పొగ మంచిది కాదు. నూనె పాత్ర ఇనుపదై ఉండాలి, మూత పక్కనే ఉండాలి. వెంటనే ఓవెన్లో 200 డిగ్రీల మీద ఒక గంట చొప్పున రెండుసార్లు ఉంచితే పెళుసుతనం పోతుంది. వంటకూ పొలం పనికీ కాకుండా, 9 అంగుళాలు మించిన కత్తుల జోలికి పోకండి, అవి ఆయుధాల చట్టం కిందికి వస్తాయి.

డమాస్కస్ కత్తి గురించి కూడా ఒక ముక్క రాశారు. వీడియోల్లో చూసేది రెండు రకాల ఉక్కు పట్టీలు పొరలుగా పేర్చి, బోరాక్స్ వేసి, తెల్లటి వేడిలో అతికించేది. పూర్వం డమాస్కస్ అనిపించుకున్న ఉక్కు అది కాదు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి ముద్దలుగా తీసిన ఉక్కు అది, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్ళినది. రెండూ గొప్పవే, రెండూ మొదటి ఏడాది పనులు కావు.

చివరగా బొగ్గు కొలిమి. గ్యాస్ కొలిమి శుభ్రం, తిప్పగానే వెలుగుతుంది, వేడి సమంగా ఉంటుంది, కడ్డీ కరిగిపోయే భయం తక్కువ. బొగ్గులో ఒక్క క్షణం ఏమరితే కడ్డీ చివర రవ్వలు చిమ్ముతూ మండిపోతుంది. కానీ కడ్డీ మధ్యలో రెండు అంగుళాలు మాత్రమే కాల్చాలన్నా, వంకర ముక్క గ్యాస్ కొలిమి నోట్లో పట్టకపోయినా బొగ్గే దిక్కు. మన ఊళ్ళలో కొలిమి నడుపుతున్న కమ్మరులు ఇప్పటికీ బొగ్గు మీదే చేస్తారు. తొలకరికి ముందు కొడవళ్ళు, గొడ్డళ్ళు, కల్టివేటర్ నాగళ్ళు వరసకట్టి ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో వెళ్ళి విసిగించకండి. పని తగ్గాక వెళ్ళి, ఆయన ఒప్పుకుంటే సమ్మెట కొట్టిపెడుతూ కూర్చోండి. ఎక్కడ కొట్టాలో పెద్దాయన చిన్న సుత్తితో చూపిస్తాడు, మీరు సమ్మెట అక్కడ వేయాలి. రంగు ఎప్పుడు చాలు, ఎప్పుడు ఎక్కువ అన్నది వీడియోలో తెలియదు, కెమెరా రంగుల్ని మార్చేస్తుంది. ఆయన పక్కన నిలబడితే తెలుస్తుంది.

కమర్షియల్ కనెక్షన్, బ్లాంకెట్, లేత్ పని ఇవన్నీ సర్దుకునేలోగా ఖాళీగా ఉండనక్కర్లేదు. నేలలో చిన్న గుంట, చుట్టూ నాలుగు ఫైర్ బ్రిక్కులు, అడుగున ఒక ఎంఎస్ పైపు, దానికి చేత్తో తిప్పే బ్లోయర్, ఒక బస్తా తుమ్మ బొగ్గు. హుక్కులకు అది చాలు. తర్వాత ఎప్పుడైనా బ్లోయర్ బర్నర్ కట్టాలనిపిస్తే మాత్రం ఆ చేతి బ్లోయర్‌ని దానికి తగిలించొద్దు. గాలి ఒక్క తీరున రాదు, మంట ఊగిసలాడుతుంది. దాన్ని బొగ్గుకే ఉంచండి.